చావు తేదీ లేని స్తామెంకా

సెర్బియాలోని సువోడోల్ అనే పల్లెలో ఆడవాళ్లు తమ సమాధి రాళ్లను తామే తోముకుంటారు. అందులో వింతేమీ లేదు. మొగుడు పోయినప్పుడు రాయి నిలబెట్టి, అదే రాయి మీద పక్కన పెళ్లాం పేరు, ఫొటో, పుట్టిన ఏడు, ఆ తర్వాత ఒక చిన్న గీత చెక్కించి వదిలేస్తారు. గీత పక్కన చోటు ఖాళీగా ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు నిండుతుంది, తొందరేముంది!

స్తామెంకా విషయంలో ఆమె బావగారు తొందరపడ్డాడు. తమ్ముడు విటోమిర్, అంటే స్తామెంకా మొగుడు, 1986లో పొలం గట్టు మీదే గుండె ఆగి పోతే, రాయి పని మొత్తం ఆయనే భుజాన వేసుకున్నాడు. అప్పట్లో స్తామెంకా పుల్లలా ఉండేది, మొగుడు పోయాక తిండి కూడా మానేసింది. “ఎటూ ఈ శతాబ్దం దాటదు, ఆ రెండంకెలూ ఇప్పుడే కొట్టించేస్తే పోలా” అనుకున్నాడు మహానుభావుడు. ఆమె పేరు కింద 1946 – 19 అని చెక్కించి, మిగతా రెండంకెలకి మాత్రం చోటు వదిలాడు. తీరా చూస్తే శతాబ్దమూ పోయింది, బావగారూ పోయాడు. స్తామెంకా మాత్రం నాలుగు మేకలు, ఒక కుక్క, వాకిట్లో ద్రాక్ష పందిరితో నిక్షేపంలా ఉంది. పిల్లలు ఉండి ఉంటే ఎవరో ఒకరు రాయి మార్పించేవాళ్లు. ఆమెకు పిల్లల్లేరు. ఏటా రెండుసార్లు ఆ అంకెలను బ్రష్షుతో రుద్దుతూ, “మీ అన్న లెక్కలు చూశావా” అని మొగుడితో నవ్వుకునేది, అంతే.

కొంప ముంచింది వెలిబోర్ అనే రచయిత.

ఆయనది బెల్గ్రేడ్. పాత్రలకు పేర్లు కావాల్సినప్పుడల్లా ఏదో ఒక పల్లె శ్మశానంలో తిరిగి రాళ్ల మీంచి ఏరుకోవడం ఆయన పద్ధతి. చచ్చినవాళ్లు వచ్చి గొడవ పెట్టుకోరు కదా! ఒక వేసవిలో సువోడోల్ వచ్చాడు. స్తామెంకా రాయి దగ్గర ఆగాడు. బతికున్నవాళ్ల పేర్లు రాళ్ల మీద ఉంటాయని ఆయనకు తెలీక కాదు, ఆయన నాయనమ్మ పేరూ అలాగే ఉండేది. కానీ ఇక్కడ 19 అని ఉంది. అంటే పోయి ఇరవై ఏళ్లకు పైనే అయి ఉంటుంది, చివరి అంకెలు వేయించడానికి ఎవరూ మిగల్లేదు పాపం అనుకున్నాడు. ఊళ్లో ఒక్కరినైనా అడిగాడా? లేదు. అనుకున్నాడు, రాసేశాడు.

రాసింది ఒక డిటెక్టివ్ నవల, పేరు ‘ఖాళీ తేదీ’. ఊళ్లో కొత్త పెళ్లికొడుకులు ఒకరి తర్వాత ఒకరు ఒంట్లో చుక్క రక్తం లేకుండా చచ్చిపడి ఉంటారు. దమ్యాన్ అనే ఇన్‌స్పెక్టర్ వస్తాడు. అందరినీ అనుమానిస్తాడు, చివరికి శ్మశానంలో ఒక రాయి ముందు నిలబడతాడు. పోయిన శతాబ్దంలోనే చావాల్సిన మనిషి, తేదీ ఎవరూ పూర్తి చేయలేదు, ఎందుకంటే ఆమె చావనే లేదు. రక్తపిశాచి! పేరు స్తామెంకా. ఊరి పేరు, రాయి మీది అంకెలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే పెట్టాడు. దేశమంతా ఎగబడి చదివింది.

చదివి ఊరుకున్నా బాగుండేది. జనం కార్లేసుకుని వచ్చారు. నల్ల బట్టలు, మెడలో వెల్లుల్లి దండలు. రాయి ముందు ఒకరు ఇన్‌స్పెక్టర్‌లా గడ్డం నిమురుకుంటూ నిలబడితే ఇంకొకరు ఫొటో తీస్తారు. ఆ ఖాళీ చోట వేలు పెట్టి ఒళ్లు జలదరించిందని అరుస్తారు. పోతూ పోతూ ముళ్లచెట్టు కర్రతో చేసిన కొయ్యమేకు ఒకటి మట్టిలో దిగ్గొట్టి పోతారు. పిశాచాన్ని కదలకుండా ఆపేది అదేనని వాళ్ల తాతలు చెప్పారు, నవలా చెప్పింది. ఆ మేకులు శ్మశానం గేటు దగ్గరే దొరుకుతాయి. అమ్మేది స్తామెంకా బావగారి కొడుకు స్రెచ్కో.

మొదట్లో స్తామెంకాకి ఇదంతా సరదాగానే ఉండేది. ఒక రోజు ఒక జంట దారి అడుగుతూ గేటు తట్టింది. ఇంటికొచ్చినవాళ్లకి చేసే మర్యాద చేసింది. చెంచాడు చెర్రీ పాకం, గ్లాసు నీళ్లు ఇచ్చి కూర్చోబెట్టింది.

“మామ్మగారూ, మీకు స్తామెంకా కథ తెలుసా?” అన్నాడు ఆ కుర్రాడు.

“తెలీకపోవడమేంటి నాయనా, నేనే స్తామెంకాని.”

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. “భలే మామ్మా! ఊరివాళ్లు బాగా తయారు చేశారు మిమ్మల్ని!” అంటూ ఆమె పక్కన నిలబడి కోరలు బయటపెట్టినట్టు మొహాలు పెట్టి ఫొటో దిగారు. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా ‘వేషం కట్టిన మామ్మ’ ఇల్లెక్కడ అని అడగడం మొదలుపెట్టారు.

పక్కింటి క్రునియా నవల తెచ్చి ఇచ్చింది. “చదువు, నీ గురించే కదా. నాకైతే ఆ ఇన్‌స్పెక్టర్ నచ్చలేదు. అంత మెతక మనిషికి పోలీసు ఉద్యోగం ఎవడిచ్చాడే?”

స్తామెంకా కళ్లజోడు పెట్టుకుని పందిరి కింద కూర్చుని చదివింది. మొదటి సగం బాగానే ఉంది. పిశాచమైనా ఇల్లు శుభ్రంగా పెట్టుకుందని సంతోషించింది. కానీ మొగుడి గురించి ఒక్క ముక్క లేదు. అంత పెద్ద పుస్తకంలో విటోమిర్ అనే మనిషి ఆ రాయి మీద ఉన్నట్టే లేడు. అది కొంచెం గుచ్చుకుంది. అయినా సరే, కథే కదా అని పుస్తకం మూసేసింది.

మరుసటి ఆదివారం పూలకుండీతో శ్మశానానికి వెళ్లింది. ఎప్పుడూ ఆమె వైపు మట్టిలోనే ఉండే కొయ్యమేకుల్లో ఒకటి ఈసారి విటోమిర్ వైపు ఉంది. తను నాటిన తులసి మొక్కను చీల్చుకుని, సరిగ్గా ఛాతీ ఉండే చోట, పిడికెడు మాత్రం పైకి కనబడేంత లోతుగా దించారు. స్తామెంకా మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో లాగింది. రాలేదు. కుదిపి కుదిపి, గోళ్లు విరిగేదాకా లాగితే వచ్చింది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. నన్ను పిశాచి అంటే అన్నారు, నవ్వుకున్నాను, ఆ మనిషి ఏం చేశాడని? బతికినన్నాళ్లూ ఒకరి మీద చెయ్యెత్తని మనిషి గుండెల్లో మేకు దించుతారా? రేపు నేను పోయి ఆయన పక్కన పడుకున్నాకా ఇదే తంతా? ఆ క్షణమే తీర్మానించుకుంది, ఇది ఆగాలి.

మేకు పట్టుకుని తిన్నగా గేటు దగ్గరికి వెళ్లింది. స్రెచ్కో కొత్త మేకుల మీద కాలే కడ్డీతో ఊరి పేరు రాస్తున్నాడు.

“ఒరే, మీ బాబాయి గుండెల్లో దించార్రా ఇది.”

“వాళ్లేమన్నా కొలత టేపు పెట్టి కొడతారా పిన్నీ? అటో ఇటో పడుతుంది.”

“అటో ఇటోనా! నీ గుండెల మీద అటో ఇటో కొట్టనా చెప్పు?”

“అబ్బా, కోప్పడకు. మూసేసిన కాఫీ కొట్టు తెరిచారు, బస్సు మళ్లీ ఊళ్లోకి వస్తోంది. ఎవరి పుణ్యం? నీదే.”

“నాకే పుణ్యమూ వద్దు. ఆ రాయి పీకించి కొత్తది వేయిస్తా.”

స్రెచ్కో కాల్చే కడ్డీ పక్కన పెట్టాడు. “అది కుదరదు పిన్నీ. స్థలమూ రాయీ మా నాన్న పేరున ఉన్నాయి, ఇప్పుడు నావి. రాయి కదపాలంటే నా సంతకం కావాలి. నేను పెట్టను. నీకు సంతకం అక్కర్లేని పని ఒకటే ఉంది, చచ్చాక తేదీ నింపించుకోవడం. దానికి ఎవరూ అడ్డం రారు.”

సరదాగా అన్నాననుకున్నాడు వెధవ. స్తామెంకా మేకు అతని బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఆ వారంలోనే జిల్లా పట్నం లైబ్రరీలో వెలిబోర్ పాఠకులతో మాట్లాడతాడని క్రునియా చెప్పింది. స్తామెంకా మంచి కోటు వేసుకుని, పొద్దుటి బస్సెక్కింది. హాలు నిండిపోయింది. ఒకామె లేచి, చివర్లో ఇన్‌స్పెక్టర్ చావడం తనకి అస్సలు మింగుడుపడలేదంది. ఒక పెద్దాయన, హంతకురాలెవరో ఎనిమిదో అధ్యాయంలోనే పట్టేశానని గొప్పలు పోయాడు. ఒక అమ్మాయి, పుస్తకం చదివాక మూడు రాత్రులు దీపం ఆర్పలేదని సిగ్గుపడుతూ చెప్పింది. వాళ్ల మొహాల్లో వెలుగు చూస్తే స్తామెంకాకి ముచ్చటేసింది కూడా. పాపం, వీళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు, చదువుకుని ఆనందపడుతున్నారు. అయితే మాత్రం?

లేచి నిలబడింది. “నేను సువోడోల్ స్తామెంకాని. ఆ రాయి నాది. నేను బతికే ఉన్నాను. దయచేసి మా ఆయన సమాధిలో మేకులు కొట్టకండి.” గుర్తింపు కార్డు తీసి చెయ్యెత్తి చూపించింది.

చప్పట్లు మొదలయ్యాయి, ఆగవే! వెనకాల ఎవరో ఈల కూడా వేశారు. “కార్డు కూడా తయారు చేయించారు చూడు!” అని ఒకామె మురిసిపోయింది. స్తామెంకా నోరు తెరిచిన ప్రతిసారీ చప్పట్లు ఇంకా పెరిగాయి. నిజం చెప్పేకొద్దీ నాటకం రక్తి కట్టింది, ఏం చేస్తుంది పాపం!

నవ్వని మనిషి ఒక్కడే, వెలిబోర్. కార్డు మీద పుట్టిన ఏడు ఆయనకి కనబడింది. మొహం పాలిపోయింది. కార్యక్రమం మధ్యలోనే ఆపించి, ఆమెను వెనక గదిలోకి తీసుకెళ్లాడు.

“అమ్మా, క్షమించండి. మీరు పోయారనుకున్నాను.”

“చాలామంది అలాగే అనుకున్నారు లెండి, మా బావగారితో సహా. ఇప్పుడు ఏం చేస్తారు?”

“వచ్చే ముద్రణలో పేరు మారుస్తాను. ఊరి పేరూ మారుస్తాను. ఒట్టు.”

“మారిస్తే రావడం మానేస్తారా?”

వెలిబోర్ అబద్ధం చెప్పలేకపోయాడు. “మానరు. నేను రావద్దని రాస్తే ఇంకా ఎక్కువమంది వస్తారు. వాళ్లకి కావాల్సింది మీ పేరు కాదమ్మా, ఆ ఖాళీ చోటు. నా పుస్తకమంతా దాని మీదే నిలబడింది.”

“ఆ చోటే లేకపోతే?”

“లేకపోతే చూడ్డానికి ఏముంటుంది? మామూలు సమాధి.”

మామూలు సమాధి. స్తామెంకాకి కావాల్సింది సరిగ్గా అదే. బస్సులో తిరిగొస్తూ కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చుంది. భయం వేయలేదని కాదు. వేసింది. కానీ మనసు మాత్రం కుదురుగా ఉంది.

దిగీ దిగగానే రాళ్లు చెక్కే గ్వోజ్దెన్ ఇంటికి వెళ్లింది. సంగతి విని అతను మూడుసార్లు శిలువ గుర్తు వేసుకున్నాడు.

“నీకేమన్నా పిచ్చా స్తామెంకా? బతికున్న మనిషికి చావు తేదీ కొడితే ఏడాది తిరక్కుండా పిలుపొస్తుంది. నా చెయ్యి పడిపోతుంది. కొట్టను.”

“నాకు డెబ్భై ఎనిమిది. పిలుపు ఎలాగూ దారిలోనే ఉంది. నువ్వు కొట్టకపోతే నేను కొట్టుకుంటా.”

“ఏ ఏడు?”

“ఎనభై ఆరు.”

గ్వోజ్దెన్ తల పట్టుకున్నాడు. “ఎనిమిదీ ఆరూ రెండూ వంపులు తిరిగే అంకెలే తల్లీ, నీ వల్ల కాదు. పోనీ డెబ్భై ఏడు వేసుకో, అన్నీ గీతలే.”

“అప్పటికి ఆయన బతికే ఉన్నాడు కదయ్యా! గీతలు సులువని నేను పోయిన ఏడు మార్చుకోనా? ఆయన్ని మట్టిలో పెట్టిన రోజే నేను సగం పోయాను. ఆ తర్వాత మేకల కోసం బతికాను. అది అబద్ధం కాదు.”

గ్వోజ్దెన్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. “ఉలీ సుత్తీ బల్ల మీద ఉన్నాయి. నేనివ్వలేదు. నేను చూడలేదు. ముందు సుద్దతో గీసుకో, వంపు దగ్గర చిన్న చిన్న దెబ్బలు వెయ్యి.”

స్తామెంకా పెరట్లోని బండరాయి మీద ఎనిమిదులు, ఆరులు కొట్టి నేర్చుకుంది. మొదటివి కోడి కాలి గుర్తుల్లా వచ్చాయి. వేళ్లు వాచాయి, బొటనవేలు నల్లబడింది. మానలేదు.

పెద్దల శనివారం వచ్చింది. ఆ రోజు ఊరంతా శ్మశానానికి తరలుతుంది. సమాధుల మీద కొవ్వొత్తులు, రొట్టె, వైన్. చక్కెరా అక్రోట్లూ కలిపిన ఉడికించిన గోధుమలు పోయినవాళ్ల పేరు చెప్పి ఒకరికొకరు పెట్టుకుంటారు. ఆ రోజే నవల చదివినవాళ్లు కూడా రెండు బస్సుల్లో దిగారు. స్రెచ్కో మొహం వెలిగిపోతోంది.

మిట్టమధ్యాహ్నం వేళ స్తామెంకా గుంపును తోసుకుంటూ వెళ్లి రాయి ముందు చిన్న పీట వేసుకుంది. “జరగండి నాయనా, వెలుతురు పడనివ్వండి.” సంచిలోంచి సుద్ద తీసి 19 పక్కన రెండంకెలు గీసింది. చుట్టూ ఫోన్లు లేచాయి. “మామ్మ వచ్చింది! వేషం కట్టిన మామ్మ!” అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

మొదటి దెబ్బ పడింది. రాతిపొడి లేచింది. రెండో దెబ్బ, మూడో దెబ్బ. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. అప్పుడు స్రెచ్కో పరుగెత్తుకొచ్చాడు. రాయి మీద ఏం పడుతోందో చూడగానే అతనికి మేకులు గుర్తు లేవు, అమ్మకాలు గుర్తు లేవు. గొంతు చించుకున్నాడు.

“పిన్నీ! ఆపు! బతికుండగా చావు తేదీ కొట్టుకుంటావా! వద్దు పిన్నీ, చచ్చిపోతావు, వద్దు! నీ కాళ్లు పట్టుకుంటా!”

ఆ అరుపులో నాటకం లేదు. గుంపుకి అది తెలిసిపోయింది. ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఊరి ఆడవాళ్లు శిలువ గుర్తు వేసుకుంటూ నిలబడిపోయారు. అక్కడున్నది నిజంగానే స్తామెంకా అని, రాయి మీది ఫొటోలో నల్లజుట్టుతో ఉన్నది ఈ తెల్లజుట్టు మనిషేనని అప్పుడు కనబడింది వాళ్లకి.

“కాళ్లు తర్వాత పట్టుకుందువుగాని, ముందు అడ్డం లే” అంది స్తామెంకా. “నువ్వే కదరా చెప్పావు, తేదీ నింపుకోడానికి సంతకం అక్కర్లేదని.”

స్రెచ్కో అక్కడే నేల మీద కూర్చుని మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

ఎనిమిది పూర్తవడానికి చాలాసేపు పట్టింది. కింది సున్న కొంచెం వంకరపోయింది. ఆరు నయం. మధ్యలో ఒకసారి ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్లీ సుత్తి ఎత్తింది. పని అయ్యాక బ్రష్షుతో పొడి దులిపింది. 1946 – 1986. పక్కన విటోమిర్‌దీ అదే ఏడు. చూడ్డానికి ఇక ఏమీ లేదు.

లైబ్రరీలో దీపం ఆర్పలేదని చెప్పిన అమ్మాయి ఆ గుంపులోనే ఉంది. పేరు తేయా. వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, విటోమిర్ వైపు మళ్లీ ఎవరో దించిన మేకును రెండు చేతులతో పట్టుకుని లాగింది. ఊడిన మేకును దూరంగా పెట్టి ఇంకొకటి పట్టుకుంది. మిగతావాళ్లలో కొందరు వంగారు. కొందరు చూడలేక బస్సు వైపు నడిచారు. “మామ్మా, మాకు తెలీదు. నిజంగా తెలీదు” అంది తేయా, ముక్కు ఎగబీలుస్తూ.

“తెలీదని నాకు తెలుసులే అమ్మా.”

అప్పుడు క్రునియా గోధుమల గిన్నె పట్టుకుని వచ్చింది. చెంచాతో తీసి, “విటోమిర్ ఆత్మని దేవుడు మన్నించాలి” అని ఆగిపోయింది.

“రెండో పేరు కూడా చెప్పవే.”

“ఎలా చెప్పనే? నా ఎదురుగా కూర్చుని ఉన్నావు.”

“రాయి మీద ఉన్నది చదువు. చదవడం వచ్చు కదా.”

క్రునియా రాయి వైపు చూసింది. కళ్లు తుడుచుకుంది. “స్తామెంకా ఆత్మనీ దేవుడు మన్నించాలి” అంది చివరికి, చాలా మెల్లగా.

స్తామెంకా చెంచా అందుకుని తన గోధుమలు తను తిన్నది. నిదానంగా నమిలింది. చక్కెర కొంచెం తక్కువైంది, అయినా వంక పెట్టలేదు. ఇంకో చెంచా నిండా తీసి తేయా ముందు పెట్టింది.

“తిను తల్లీ. పోయినావిడ ఎవరికీ ఏ అపకారమూ చెయ్యలేదు.”